వెండి పతకాల కోచ్

నెల్లూరులో ఐసు అంటే చేపల పెట్టెల్లో వేసేదే. ఇలాంటి ఊళ్ళో సాయంత్రాలు పిల్లలకి రోలర్ స్కేటింగ్ నేర్పే నాకు, ఐసు మీద ఫిగర్ స్కేటింగ్ (గంతులూ గిరికీలతో చేసే స్కేటింగ్) చేసిన బ్రయాన్ ఆర్సర్ అంటే పిచ్చి. కెనడా మనిషి. 1984లో సారాయెవో ఒలింపిక్స్‌లో వెండి. 1987లో ప్రపంచ చాంపియన్. 1988లో సొంత దేశంలోనే, కాల్గరీలో, మళ్ళీ వెండే! అమెరికా స్కేటర్ బ్రయాన్ బోయిటానో చేతిలో వెంట్రుకవాసిలో పోయింది. ఒక జంప్ దిగేటప్పుడు కాలు కాస్త తడబడింది. ఫలితం తెలిసి కూడా ఆ వీడియో చూస్తే నాకు టెన్షనే.

తర్వాత టొరంటోలో కోచ్ అయ్యాడు. తనకి దక్కని ఒలింపిక్ బంగారం ఆయన శిష్యురాలు, కొరియా స్కేటర్ కిమ్ యునాకి 2010లో వచ్చింది. ఇంకో శిష్యుడు, జపాన్ స్కేటర్ హన్యూ యుజురుకైతే 2014, 2018 రెండుసార్లూ.

నా సంగతంటారా? జిల్లా పోటీల్లో చక్రం నట్టు బిగించుకోకుండా దిగి, మొదటి మలుపులోనే బోర్లా పడ్డాను. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. అందుకే ఇప్పుడు స్పానర్ పట్టుకుని ప్రతి పిల్లాడి చక్రాలూ నేనే చూస్తా. మొన్న ఒకడు కాలు చాపి కూర్చుని అడిగాడు:

"సార్, మీకు మెడల్స్ ఎన్ని?"

"ఒక్కటీ లేదబ్బయా. ముందు ఆ లేసు కట్టుకో."