పోలే

ఎడమ చెయ్యి ఇంకా సలుపుతోంది. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్లో పసుపురంగు చిన్న పుస్తకం. లోపల నా పేరు, తేదీ, గుండ్రటి స్టాంపు. 10 రోజులాగితే ఇది లెక్కలోకి వస్తుంది, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది.

ఆ స్టాంపు పడ్డప్పుడు గుండె ఝల్లుమంది. మూడేళ్లుగా ప్రార్థనలో పెట్టుకున్న మాట కాగితం మీదికొచ్చేసింది. కెన్యాలో, కిసుము దగ్గర మిషన్ ఆసుపత్రి. నర్సుగా రెండేళ్లు.

అమ్మ ఆవకాయ జాడీ కడుగుతూ ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి, "అక్కడ నీకు జ్వరమొస్తే ఎవరు చూస్తారే?" అంది.

అమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పెట్టిన ఆసుపత్రి. బయల్దేరే ముందు ఆవిడ వాళ్లింట్లో కూడా ఎవరో ఒకరు ఇదే మాట అడిగి ఉంటారు కదా.

ఇప్పుడు రోజూ రాత్రి, కెన్యాలో మాట్లాడే స్వాహిలీ భాష పాఠాలు. మన తెలుగులాగే మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, నోటికి హాయిగా ఉంది. దుకాణాన్ని 'దుకా' అంటారు, టీని 'చాయ్' అనే అంటారు. నాకు బాగా నచ్చిన మాట 'పోలే'. ఎవరైనా తట్టుకుని పడినా, ఒంట్లో బాగోలేకపోయినా, మన తప్పేం లేకపోయినా అంటారు. మన 'అయ్యో పాపం' లాగా. సువార్త చెప్పే ముందు, మంచం పక్కన నిలబడి ఈ ఒక్క మాట మనసారా అనగలగాలి.

అమ్మకి చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుంది. తర్వాత గుడ్డలో ఐసు ముక్క చుట్టి తెచ్చి, నా చెయ్యి మీద పెట్టి, "పోలే" అంది.