గరమైనంక కొట్టే చప్పుడు

ఇవ్వాళ సాయంత్రం చెరువుగట్టు దాకా పోయి వచ్చాను. బండి ఒక్కసారి కూడా పేలలేదు.

నాయిన బుల్లెట్ అది. 1992 మోడల్, ఏపీ 24 నంబరు. నెల రోజులుగా ఒకటే వరస. ఇంటి దగ్గర మంచిగానే స్టార్ట్ అవుతుంది. పానగల్ దాటి నాలుగైదు కిలోమీటర్లు పోగానే మిస్ కొడుతుంది, వెంటనే సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతుంది. మొన్న ఆ చప్పుడుకు బర్రెలు బెదిరి, వాటిని తోలుకొస్తున్న పెద్దమ్మ కింద పడబోయింది. ప్రాణం ఉసూరుమంది. ఆ రోజు నుంచి బండి బయటికి తీయలేదు.

కార్బొరేటరే అనుకుని రెండు ఆదివారాలు విప్పి కడిగాను. పెట్రోలు వచ్చే సన్న బెజ్జాలు, అదే జెట్లు, ఊదాను, గాలి స్క్రూ తిప్పి చూశాను. ఏం ఫరక్ లేదు.

పొద్దున మెకానిక్ చాచా షెడ్డుకు తీసుకుపోయాను. ఆయన పానా ముట్టకముందే అడగడం మొదలుపెట్టాడు.

"చప్పుడు ఏడికెళ్లి బేటా, కార్బొరేటర్లకెళ్లా, సైలెన్సర్లకెళ్లా? రేస్ ఇడిసినప్పుడా, ఇచ్చినప్పుడా? సల్లగున్నప్పుడా, గరమైనంకనా?"

కార్బొరేటర్‌లోంచి కొడితే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందేమో, నిప్పు పడే టైమింగ్ ముందుకు జరిగిందేమో చూడాలట. రేస్ వదిలినప్పుడే సైలెన్సర్ పేలితే బెండు పైపు జాయింట్ దగ్గర గాలి లాగుతుందేమో చూడాలి. నాది రెండూ కాదు. వేడెక్కాక, రేస్ ఇస్తుండగా, మిస్ కొట్టి మరీ పేలుతోంది.

"గట్లయితే కరెంటు తెగుతుంది" అన్నాడు.

క్లాక్ టవర్ దగ్గర కొందరు పిలగాళ్లు నడిచే బండి తాళం ఆపి మళ్లీ వేసి కావాలని పేలుస్తుంటారు. చూస్తే ఒళ్లు మండుతుంది. తాళం ఆగిన ఆ కాసేపు నిప్పు ఉండదు. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతుంది, నిప్పు మళ్లీ రాగానే అంటుకుంటుంది. మా బండి తాళం ముట్టకుండానే అదే పని చేస్తోంది.

నిప్పు కోసం కరెంటును కలిపి తెంపే పాయింట్ల మూత తీసి చూపించాడు. ఒక పాయింట్ మీద చీమ తలకాయంత బుడిపె, ఎదురుదాని మీద అంతే గుంట. తాళం వేసి, స్క్రూడ్రైవర్ మొనతో పాయింట్లను విడదీయమన్నాడు. విడదీసిన ప్రతిసారీ పసుపుపచ్చగా లావు నిప్పు. పాయింట్ల దగ్గర నిప్పును అణచే కండెన్సర్ బాగుంటే అక్కడ సన్నని నీలం చుక్క మాత్రమే కనిపించాలట. బొటనవేలి కణుపంత కండెన్సర్, వేడెక్కితే చేతులెత్తేస్తోంది! అన్ని రోజులు దానివైపు చూడనే లేదు నేను.

పాయింట్లు, కండెన్సర్ రెండూ కొత్తవి వేశాడు. గేజి పెట్టి పాయింట్ల సందు 15 థౌకు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేనుకు, తెచ్చాడు. సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పాయింట్ల మధ్య ఉంచి, అది వదులై జారే చోటు చూసి టైమింగ్ కుదిర్చాడు. ఆ కాగితం పట్టుకున్న వేళ్లనే చూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి నాయిన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మోకాళ్ల నొప్పులతో ఆయన బండెక్కక మూడేళ్లయింది.

"మూలమలుపు కాడికెళ్లే ఇన్న. మంచిగ కొడుతుంది" అన్నాడు. ఇంజన్ మీద చెయ్యి పెట్టబోయి, వేడికి వెనక్కి తీసుకుని, "టప్పెట్లు జెర సప్పుడు జేస్తున్నయి, సూపియ్యి" అన్నాడు.