క్లైమేట్ గ్రాంట్లు: సంతకానికీ సీజనుకీ మధ్య ఆఫీసు పని

ఫౌండేషన్‌లో క్లైమేట్ గ్రాంట్లు చూసే టీమ్ అనగానే ప్రోగ్రామ్ ఆఫీసర్లే గుర్తొస్తారు. ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చేది వాళ్లే కాబట్టి అది సహజమే. కానీ తేల్చిన డబ్బు ఏ నెలలో చేరుతుందన్నది వాళ్ల కన్నా గ్రాంట్స్ అసిస్టెంట్ అనో అడ్మినిస్ట్రేటర్ అనో పిలిచే ఆఫీసు మనిషి చేతిలోనే ఎక్కువ ఉంటుంది. క్లైమేట్ పనిలో ఆ నెలకు చాలా విలువుంది. లైబ్రరీకి కంప్యూటర్లు రెండు నెలలు ఆలస్యమైతే పోయేది రెండు నెలలే. మొక్కలు నాటే గ్రాంటు రెండు నెలలు ఆలస్యమైతే ఏడాది పోతుంది. వాన మన బోర్డు మీటింగు కోసం ఆగదు కదా.

చాలా ఆఫీసుల్లో గ్రాంట్ల క్యాలెండర్ బోర్డు తేదీతో మొదలవుతుంది. క్లైమేట్‌కి అది పనికిరాదు. ఫీల్డులో పని జరగాల్సిన రోజు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. ఉదాహరణకు జులై మొదటి వారంలో మొక్కలు నాటాలనుకుందాం. నర్సరీలో మొక్క నాటే ఎత్తుకు రావడానికి అయిదు నెలలు వేసుకుంటే ఫిబ్రవరి మొదట్లో విత్తనం సంచుల్లో పడాలి. మనుషుల్ని పెట్టుకోవడానికి, సంచులూ విత్తనాలూ కొనడానికి ఒక నెల. అంటే జనవరి మొదటి వారానికి డబ్బు వాళ్ల ఖాతాలో ఉండాలి. దేశం దాటి వెళ్లే డబ్బుకు రెండు వారాలు పడుతుందనుకున్నా, సంవత్సరాంతపు సెలవులు అడ్డొస్తాయి కాబట్టి డిసెంబర్ మొదట్లోనే బ్యాంకుకు చెప్పాలి. ఒప్పందం పంపడం, వాళ్ల సందేహాలు తీర్చడం, రెండు వైపులా సంతకాలు అయ్యేసరికి మూడు వారాలు. అందువల్ల బోర్డు నిర్ణయం నవంబర్ మొదటి వారం దాటకూడదు. బోర్డు సభ్యులకు కాగితాలు రెండు వారాల ముందు వెళ్లాలి, అంతకుముందు సంస్థ పత్రాల పరిశీలనకు నాలుగు వారాలు, ప్రతిపాదన రాసి దిద్దుకోవడానికి ఆరు వారాలు. లెక్క ఎక్కడ తేలిందో చూడండి: వచ్చే జులైలో నాటే మొక్క కోసం ఈ ఆగస్టు మొదట్లోనే ప్రతిపాదన పంపమని రాయాలి. పదకొండు నెలలు!

ఈ లెక్క ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి ముందే ఒక పేజీలో పెట్టి ఇవ్వడం అడ్మిన్ చేయగల అతి పెద్ద సాయం. అక్టోబర్‌లో ఆలోచన తట్టి "ఈ సీజనుకి అందిద్దాం" అన్నప్పుడు కుదరదని గట్టిగా చెప్పనక్కర్లేదు, ఆ పేజీ చూపిస్తే చాలు. అప్పుడు నర్సరీ ఖర్చుకు చిన్న మొత్తం ముందుగా ఇవ్వడమో, తొలి ఏడాది నేల సిద్ధం చేసుకోవడానికే పెట్టుకోవడమో వాళ్లే ఆలోచిస్తారు.

నవంబర్‌తో ఇంకో చిక్కుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు, అందరూ కాప్ అనేది, సాధారణంగా ఆ నెలలోనే వస్తుంది. 2024లో బాకులో నవంబర్ 11 నుంచి 22 వరకు, 2025లో బెలేమ్‌లో 10 నుంచి 21 వరకు అని ప్రకటించారు, రెండు చోట్లా చర్చలు గడువు దాటి సాగాయి. ఆ రోజుల్లో ప్రోగ్రామ్ టీమ్ సీట్లో దొరకదు. ఒప్పందాల మీద సందేహాలు వచ్చేది సరిగ్గా అప్పుడే. అందుకని ఎవరి బదులు ఎవరు సంతకం పెట్టవచ్చో, ఎంత మొత్తం వరకు పెట్టవచ్చో అక్టోబర్‌లోనే రాతపూర్వకంగా తీసుకుని ఉంచుకోవాలి.

కాప్‌కు వెళ్లే గ్రాంటీల, అంటే గ్రాంటు అందుకునే సంస్థల వాళ్ల, ప్రయాణ ఖర్చులు చిన్న గ్రాంట్లే కానీ తలనొప్పి పెద్దది. పౌర సంస్థల వాళ్లకు బ్యాడ్జి నేరుగా రాదు, పరిశీలక హోదా ఉన్న ఏదో ఒక సంస్థ తన కోటాలో పేరు పంపాలి. బ్యాడ్జి ఖాయమయ్యాక వీసా, వీసా వచ్చాక టికెట్. గది మాత్రం వీటన్నిటి కన్నా ముందే పట్టుకోవాలి. బెలేమ్‌లో గదుల కొరత, అద్దెలు నెలల తరబడి వార్తల్లో నలిగాయి. కాబట్టి ఈ గ్రాంట్లలో బస ఖర్చుకు మరీ బిగించిన లెక్క రాయించకండి. టికెట్, బస, భోజనం ఒకే పద్దుగా ఉంటే వాళ్లే సర్దుకుంటారు. వీసా రాకపోతే డబ్బు ఏం చేయాలన్న వాక్యం కూడా ఒప్పందంలోనే ఉండాలి. అది లేక డిసెంబర్‌లో నడిచే ఉత్తరాలకు అంతుండదు.

ఇక పత్రాలు. ఇక్కడ ఎక్కువగా చెడేది ఒక్క విషయంలో: పేరు. క్లైమేట్ రంగంలో కూటములు ఎక్కువ. కూటమికి పేరుంటుంది, లోగో ఉంటుంది, రిజిస్ట్రేషన్ ఉండదు. డబ్బు వాళ్ల తరఫున ఇంకో నమోదైన సంస్థ (ఆతిథ్య సంస్థ) తీసుకుంటుంది, అందుకు కొంత శాతం రుసుము పట్టుకుంటుంది. ప్రతిపాదన మీద కూటమి పేరు, బ్యాంకు ఖాతా మీద ఆతిథ్య సంస్థ పేరు, పన్ను మినహాయింపు పత్రం మీద ఆ సంస్థ పాత పేరు. ఇలా మూడు పేర్లు కనిపిస్తే ఆగిపోవాల్సిందే. బోర్డు తీర్మానంలో చట్టబద్ధమైన సంస్థ పేరు రాసి, దాని పక్కన "ఫలానా కూటమి పని కోసం" అని చేర్చాలి. కూటమి పేరు మీదే తీర్మానం అయిపోతే డబ్బు పంపే రోజున ఫైనాన్స్ వాళ్లు ఆపేస్తారు, మళ్లీ తీర్మానం అంటే మళ్లీ బోర్డు. డేటాబేస్‌లో కూడా రెండు రికార్డులు పెట్టండి. ఒప్పందం, చెల్లింపు, ఆడిట్ ఆతిథ్య సంస్థ కింద, రిపోర్టులు, మాట్లాడాల్సిన మనుషులు కూటమి కింద.

డబ్బు సరిహద్దు దాటితే రెండు దేశాల చట్టాలూ చూడాలి. అమెరికాలోని ప్రైవేట్ ఫౌండేషన్ విదేశీ సంస్థకు ఇవ్వాలంటే సాధారణంగా రెండే దారులు. ఆ సంస్థ అమెరికా పబ్లిక్ చారిటీకి (ప్రజల విరాళాలతో నడిచే ధార్మిక సంస్థకు) సమానమని నిర్ధారించుకోవడం ఒకటి. లేదంటే ఖర్చు బాధ్యత తనే మోయడం. ఈ రెండోదానిలో ముందస్తు విచారణ, నిర్ణీత షరతులతో ఒప్పందం, ఏటేటా రిపోర్టు, ఫౌండేషన్ పన్ను శాఖకు దాఖలు చేసే 990-పీఎఫ్ ఫారంలో ఆ గ్రాంటు వివరం, అన్నీ తప్పనిసరి. ఇవి పాటించకపోతే ఆ మొత్తం మీద ఫౌండేషన్‌కి 20 శాతం పన్ను పడొచ్చు. అందుకే ఇలాంటి గ్రాంట్లలో రిపోర్టు గుర్తుచేయడం మర్యాద కోసం చేసే పని కాదు. అవతలి వైపు, డబ్బు భారత్‌కి వెళ్తుంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తిస్తుంది. 2020 సవరణ తర్వాత అందుకున్న సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, డబ్బు మొదట స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే పడాలి. బడ్జెట్‌లో "అయిదు భాగస్వామి సంస్థలకు ఉపగ్రాంట్లు" అన్న వరుస కనిపిస్తే ఆ రోజే చెప్పాలి. అది ఒక గ్రాంటుగా కుదరదు, అయిదు గ్రాంట్లు కావాలి, ఆ అయిదింటికీ విదేశీ డబ్బు తీసుకునే అనుమతి విడివిడిగా ఉండాలి. బోర్డు అయ్యాక తెలిస్తే పదకొండు నెలల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

క్లైమేట్ ప్రతిపాదనల్లో విధానాల మాట తప్పకుండా వస్తుంది. అమెరికా ప్రైవేట్ ఫౌండేషన్ లాబీయింగ్ (చట్టాలు చేసేవాళ్లను ఒక బిల్లు వైపు ఒప్పించే పని) కోసమని కేటాయించి డబ్బు ఇవ్వకూడదు. "ఫలానా బిల్లు గట్టెక్కించడం" అని కనిపిస్తే దాన్ని "అవగాహన కల్పించడం"గా మార్చమని గ్రాంటీకి చెప్పడం అడ్మిన్ చేయకూడని పని. మాట మారితే పని మారదు. గుర్తుపెట్టి న్యాయ సలహాదారుకు పంపాలి, అంతే.

ఇప్పుడు అంకెలు. శాస్త్రం మన పని కాదని అడ్మిన్లు ప్రతిపాదనకు జతచేసిన అనుబంధాల జోలికి వెళ్లరు. కానీ కొన్ని తప్పులు పట్టుకోవడానికి శాస్త్రం అక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు. ఒక ప్రతిపాదన సారాంశంలో ఉద్గారాలు 12,000 టన్నులు తగ్గుతాయని, అనుబంధంలో 44,000 టన్నులు తగ్గుతాయని ఉందనుకోండి. భాగిస్తే 3.67 వస్తుంది. ఆ అంకె కనపడగానే గుర్తుపట్టాలి: ఒక చోట కార్బన్, ఇంకో చోట కార్బన్ డయాక్సైడ్ లెక్కేశారు. కార్బన్ పరమాణు భారం 12, కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44, ఆ నిష్పత్తే ఇది. రెండూ సరైనవే కావచ్చు, కానీ బోర్డు పేపర్లో ఏదో ఒకటే ఉండాలి. మీథేన్ లెక్క ఇంకా జారుడు. భూమిని వేడెక్కించడంలో అదే టన్ను మీథేన్ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లకు పైన. ఏ లెక్కో రాయకుండా ఒట్టి "సమాన టన్నులు" అని రాస్తే రెండు ప్రతిపాదనలను పక్కపక్కన పెట్టి పోల్చలేం. అలాగే ఏటా తగ్గేదా, ప్రాజెక్టు మొత్తం మీదా? హెక్టార్లా, ఎకరాలా? హెక్టారుకు 2.47 ఎకరాలు కాబట్టి ఈ పొరపాటు కూడా భాగిస్తే బయటపడుతుంది. అంకెను మీరే దిద్దకండి. ప్రశ్నగా రాసి పంపండి, వచ్చిన జవాబు ఫైలులో పెట్టండి.

గ్రాంట్లకు కోడ్లు వేసే పని కూడా మీదే అయితే, ఆమోదం అయిన వారంలోనే వేసేయండి. సంపన్న దేశాల సంస్థ ఓఈసీడీ పెట్టిన రియో మార్కర్ల పద్ధతి తేలిక: ఉపశమనానికి (ఉద్గారాలు తగ్గించడానికి) ఒకటి, అనుకూలనకు (మారే వాతావరణాన్ని తట్టుకోవడానికి) ఒకటి, ఒక్కోదానికి 0, 1, 2 అని అంకె. అది అసలు లక్ష్యమైతే 2, ముఖ్యమే కానీ ప్రధానం కాకపోతే 1, లక్ష్యమే కాకపోతే 0. ఏడాది చివర ఒకే రోజు కూర్చుని వంద గ్రాంట్లకు కోడ్లు వేస్తే అన్నిటికీ 2 పడుతుంది.

చెల్లింపుల దగ్గర రెండు జాగ్రత్తలు. మొదటిది, విదేశీ బదిలీలో బ్యాంకు చార్జీలు ఎవరు భరించాలో ఫారంలో ఎంచుకునే చోటు ఉంటుంది. పంపేవాళ్లే మొత్తం భరించే పద్ధతి ఎంచుకోకపోతే 50,000 పంపితే మధ్య బ్యాంకులు కోసుకుని 49,960 చేరొచ్చు. ఆ నలభై కోసం గ్రాంటీ ఆడిటర్ ప్రశ్న వేస్తాడు, మీరు ఉత్తరం రాసివ్వాలి. రెండోది ఇంకా ప్రమాదం. "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వస్తే, అది ఎంత తెలిసిన మనిషి నుంచి వచ్చినా, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేయకండి. పాత ఫైలులో ఉన్న నంబరుకే చేయండి, పాత ఖాతా చివరి నాలుగు అంకెలు వాళ్లనే చెప్పమనండి. విదేశీ బదిలీలో బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడ్ 8 లేదా 11 అక్షరాలుంటుంది. 9, 10 ఉంటే ఎక్కడో టైపింగ్ తప్పు.

చిన్నదే కానీ ఏటా ఇబ్బంది పెట్టేది ఒకటి: అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం మారతాయి, యూరప్‌వి చివరి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో పెట్టిన ఇంటర్వ్యూలు ఒక గంట అటూ ఇటూ అవుతాయి. ఆహ్వానంలో సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) కూడా రాస్తే గొడవ ఉండదు.

రిపోర్టు తేదీ అలవాటుగా "గ్రాంటు ముగిసిన 30 రోజులకు" అని పెట్టేస్తుంటారు. ఆలోపు ఆడిట్ అయిన లెక్కలు ఏ సంస్థ దగ్గరా ఉండవు. ఆడిట్ కాని ఖర్చుల పట్టిక 60 రోజుల్లో, ఆడిట్ రిపోర్టు వచ్చాక దాని కాపీ అని విడగొట్టి అడగండి. తేదీ నాట్ల కాలంలోనో, కార్చిచ్చు సీజన్లోనో పడకుండా చూడండి. ఫీల్డు మనుషులు నిప్పు ఆర్పుతుంటే మీ ఫారం ఎవరూ నింపరు. సంస్థ మొత్తానికి షరతుల్లేకుండా ఇచ్చిన గ్రాంటుకు ప్రాజెక్టు గ్రాంటు ఫారం పంపడం ఇంకో పాత తప్పు. దాని వల్ల వాళ్లు లేని ప్రాజెక్టును కాగితం మీద సృష్టించి రాస్తారు.

వాన ముందొస్తుంది, రాదు, తుపాను పడుతుంది. కాబట్టి గడువు పొడిగింపులు ఈ రంగంలో మామూలే. ఒప్పందం ముగిశాక అడిగితే పొడిగించడానికి ఒప్పందమే ఉండదు. ముగియడానికి 90 రోజుల ముందు ఒకే ప్రశ్నతో మెయిల్ పంపండి: మీ దగ్గర ఎంత మిగిలేలా ఉంది, దాన్ని ఎప్పటికి ఖర్చు చేస్తారు? జవాబు నాలుగు వరుసల్లో వచ్చినా చాలు. దాని మీద ప్రోగ్రామ్ ఆఫీసర్ సరే అన్న మెయిల్, సవరించిన తేదీలతో రెండు వైపులా సంతకాలున్న ఒక పేజీ పెడితే ఫైలు పూర్తవుతుంది. డేటాబేస్‌లో ముగింపు తేదీతో పాటు రిపోర్టు తేదీ, గుర్తుచేసే తేదీ కూడా మార్చండి. ఈ చివరిది మర్చిపోతే సిస్టమ్ పాత తేదీకే "మీ రిపోర్టు ఆలస్యమైంది" అని గ్రాంటీకి మెయిల్ కొడుతుంది.