పేరు ముందా, ఇంటిపేరు ముందా: మా ఆవిడను ఇండియాకి తెచ్చుకున్న కథ

ఈ నెలలోనే ఇద్దరు ఫోన్ చేశారు, ఒకరు షార్జా నుంచి, ఒకరు దోహా నుంచి. ఇద్దరిదీ ఒకటే ప్రశ్న, "అన్నా, వదినను ఇండియాకి ఎట్ల తెచ్చుకున్నవ్?" ప్రతిసారీ గంటసేపు చెప్పలేక ఒకసారి రాసి పెడదామని కూర్చున్నాను.

మాది పాత కరీంనగర్ జిల్లా. నేను దుబాయ్‌లో పదకొండేళ్ళు ఏసీ మెకానిక్‌గా చేశాను. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి అందులో వింతేం లేదు. మా ఆవిడది ఫిలిప్పీన్స్, ఇలోయిలో అనే ఊరు. అక్కడే దుబాయ్‌లో ఒక క్లినిక్‌లో నర్సుగా చేసేది. 2022లో ఇద్దరం అనుకున్నాం, ఇక గల్ఫ్ చాలు, పెళ్ళి చేసుకుని మా ఊళ్ళోనే ఉండిపోదామని. ఇంట్లో చెప్తే అమ్మ రెండు రోజులు ఏడ్చి మూడో రోజు "అన్నం తింటదా ఆ పిల్ల?" అని అడిగింది. మూడు పూటలా అన్నమే తింటారమ్మా వాళ్ళు, మనకంటే ఎక్కువ అన్నాను. దాంతో అమ్మ సంగతి సగం తేలిపోయింది. బాపు మాత్రం ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమంటే మాట్లాడటం మానేయడమే.

ముందు వీసా గురించి. దుబాయ్‌లో అందరూ ఆన్‌లైన్‌లో ఈ-వీసా తీసుకో, రెండు రోజుల్లో వస్తుంది అన్నారు. వస్తుంది నిజమే. కానీ ఆ ఈ-వీసాను ఇండియాలో దిగాక వేరే వీసాగా మార్చుకోవడానికి వీల్లేదని దాని నిబంధనల్లోనే ఉంది. పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండాలంటే అది దండగ. అందుకని పాస్‌పోర్టులో స్టిక్కర్ వేసే మామూలు టూరిస్ట్ వీసా తీసుకున్నాం. ఒక ఏజెంట్ "మొత్తం నేను చూసుకుంటా, అరవై వేలు ఇయ్యి" అన్నాడు. ఇచ్చేవాణ్ణేమో, కానీ పెళ్ళయ్యాక మార్చుకోవాల్సిన ఎక్స్ వీసా అంటే ఏంటని అడిగితే వాడికే తెలీదు.

తర్వాత కాగితాలు. ఆమెకు ఇదివరకు పెళ్ళి కాలేదని రుజువు కావాలి. ఫిలిప్పీన్స్‌లో దానికి సెనోమార్ అనే కాగితం ఉంటుంది, అక్కడి గణాంక శాఖ ఇస్తుంది. దాని మీద వాళ్ళ విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయాలి. ఆ దేశం 2019లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది, మనం 2005 నుంచే ఉన్నాం, కాబట్టి ఆ ఒక్క ముద్రతో ఇక్కడ చెల్లుతుంది. ఊళ్ళో ఉన్న వాళ్ళ చెల్లెలు రెండుసార్లు తిరిగి తెచ్చి కొరియర్ చేసింది. ఆ పిల్లకి ఇప్పటికీ ఒక చీర బాకీ.

ఆమె మా ఇంట్లో అడుగు పెట్టిన రోజే తెలిసిన విషయం ఇంకోటుంది. విదేశీయులు ఎవరింట్లో దిగినా, ఆ ఇంటివాళ్ళు 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఒక ఫారం (అప్పట్లో దాని పేరు ఫారం-సి) నింపి ప్రభుత్వానికి చెప్పాలి. హోటళ్ళకే అనుకుంటారు చాలామంది, ఇళ్ళకి కూడా. మా ఇల్లు బాపు పేరు మీద ఉంది. అంటే నాతో మాట్లాడని మనిషే, "మా ఇంటికి ఫలానా దేశం నుంచి ఫలానా ఆమె వచ్చింది" అని సర్కారుకు రాసివ్వాలి. ఆధార్ కార్డు అడిగితే బీరువాలోంచి తీసి మంచం మీద పెట్టి బయటకు వెళ్ళిపోయాడు. ఓటీపీ వస్తే మాత్రం తన ఫోన్ చూసి గట్టిగా అంకెలు చదివాడు, గోడకు చెప్తున్నట్టు.

ఆమె క్యాథలిక్, నేను హిందువుని, కాబట్టి మాకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే దారి. గుళ్ళో చేసుకుని హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుందామంటే కుదరదు, ఇద్దరూ హిందువులైతేనే అది. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో అంతకుముందు 30 రోజులు ఉండి ఉండాలి (నేను నెలన్నర ముందే వచ్చాను), పెళ్ళిళ్ళు రిజిస్టర్ చేసే ఆఫీసులో నోటీసు ఇవ్వాలి, దాన్ని అక్కడ బోర్డు మీద అంటిస్తారు, 30 రోజులు ఆగాలి, అభ్యంతరాలు రాకపోతే ముగ్గురు సాక్షులతో పెళ్ళి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు చేసుకోకపోతే మళ్ళీ మొదటి నుంచి.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఎవరూ చేయించలేదు, నేనే చేశాను.

ఆమె పేరులో మూడు భాగాలున్నాయి. దుబాయ్‌లో నా రూమ్మేట్లు తమిళ, కేరళ వాళ్ళు. వాళ్ళ పాస్‌పోర్టుల్లో చివర తండ్రి పేరు ఉండటం చూసి చూసి, ఈమెదీ అంతే, చివరిది తండ్రి పేరు, మధ్యది ఇంటిపేరు అనుకున్నాను. నాలుగేళ్ళు తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క మాట అడగకుండా పెళ్ళి నోటీసు ఫారం నింపాను. ఆమె ఫారం తెలుగులో ఉంది కదా అని నేను చూపించిన చోట సంతకం పెట్టింది. అసలు ఫిలిప్పీన్స్‌లో లెక్క వేరు. చివరిది తండ్రి ఇంటిపేరు. మధ్యది వాళ్ళమ్మ పుట్టింటి ఇంటిపేరు. అంటే నా చేత్తో నేను ఆమెను వాళ్ళ నాన్న ఇంట్లోంచి తీసి మేనమామల ఇంట్లో కూర్చోబెట్టాను. అప్పటికి ఎవరికీ తెలీలేదు.

నోటీసు బోర్డు మీద మా ఇద్దరి ఫోటోలు. నెల రోజులు టెన్షన్. ఎవరో ఫోన్‌లో ఫోటో తీసి మా కులపోళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు, రెండు రోజులు ఒకటే గోల. అభ్యంతరం మాత్రం ఎవరూ రాసివ్వలేదు. గ్రూపులో తిట్టడం వేరు, ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టడం వేరు కదా. ఈలోపు అమ్మ ఆమె పేరుకి అర్థమేంటని అడిగింది. వెలుగు అని చెప్పాను. ఆ సాయంత్రం నుంచి జ్యోతి అయిపోయింది.

పెళ్ళి రోజు అధికారి ముందు, సాక్షుల ముందు ఒక వాక్యం చెప్పాలి, నిన్ను నా చట్టబద్ధమైన భర్తగా స్వీకరిస్తున్నాను అని. ఇద్దరికీ తెలిసిన ఏ భాషలో చెప్పినా సరిపోతుంది. ఇంగ్లీషులో చెప్పమంటే వినలేదు, వారం రోజులు తెలుగులో బట్టీ పట్టి, తీరా అక్కడ "భార్యగా స్వీకరిస్తున్నాను" అంది. మా బావ నవ్వు ఆపుకోలేక బయటకు పోయాడు, సాక్షి సంతకం కోసం మళ్ళీ పిలుచుకురావాల్సి వచ్చింది. అమ్మ కోసం ఆ వారమే ధర్మపురి నరసింహస్వామి గుడికి వెళ్ళి దండలు మార్చుకున్నాం.

సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇక టూరిస్ట్ వీసాను ఎక్స్ వీసాగా, అంటే ఎంట్రీ వీసాగా మార్చాలి. ఇండియా పౌరుల భార్యకో భర్తకో ఇచ్చేది ఎక్స్-2. 2018 నుంచి ఇదంతా ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ అని, విదేశీయుల నమోదు ఆఫీసు వాళ్ళ వెబ్‌సైట్, ఆన్‌లైన్‌లోనే. రాత్రి పదింటికి కూర్చుని పాస్‌పోర్టు, సర్టిఫికెట్ స్కాన్ చేసి పక్కపక్కన పెట్టుకుని నింపుతుంటే, ఆమె నా భుజం మీదుగా చూసి "ఇదేంటి, ఇక్కడ మా అమ్మమ్మ వాళ్ళ ఇంటిపేరెందుకు ఉంది?" అంది. పాస్‌పోర్టులో ఒక ఇంటిపేరు, పెళ్ళి సర్టిఫికెట్లో ఇంకొకటి. వీసా గడువు ఇంకా 38 రోజులు.

ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు మళ్ళీ ఆఫీసు. దరఖాస్తు, ఇద్దరి నోటరీ అఫిడవిట్లు, పాస్‌పోర్టు కాపీ, ఆమె పుట్టిన సర్టిఫికెట్. సరిచేసిన సర్టిఫికెట్ రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. తప్పు నాదే కాబట్టి ఎవరినీ గట్టిగా అడగలేను, పొద్దున్నే వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాణ్ణి, అంతే. ఇది చదివేవాళ్ళు ఇంకేం చేసినా చేయకపోయినా, ఫారం మీద పెన్ను పెట్టే ముందు పాస్‌పోర్టు తెరిచి అందులో ఇంటిపేరు అన్నచోట ఏముందో అదే, అక్షరం పొల్లుపోకుండా, పెళ్ళి నోటీసు నుంచి చివరి కాగితం దాకా రాయండి. వీసా మీద, విమానం టికెట్ మీద ఎలా ఉందన్నది వదిలేయండి.

ఎక్స్ వీసా దరఖాస్తు పెట్టాక పోలీసు విచారణ ఉంటుంది, ఇద్దరూ నిజంగా కలిసే ఉంటున్నారా అని. మాకు ఒక మధ్యాహ్నం వచ్చారు, ఒకాయన, మఫ్టీలో. నేను బజారుకెళ్ళాను. ఇంట్లో అమ్మ, ఆమె, వాకిట్లో బాపు. ఆమె పొయ్యి మీద సినిగాంగ్ కాస్తోంది, వాళ్ళ చింతపండు పులుసు, మన చారుకి వేలు విడిచిన చుట్టం, కాకపోతే అందులో చేపో మాంసమో పడుతుంది. ఆయన వాసన చూసి "పులుసు పెడుతున్నరా" అన్నాడట. ఆమె అప్పటికి నేర్చుకున్న తెలుగంతా వాడి "కూర్చో సార్, చాయ్ తాగు" అంది. పక్కింటివాళ్ళను పిలిచి అడిగాడు, పెళ్ళి ఫోటోలు చూశాడు, తర్వాత బాపు వైపు తిరిగి "ఈమె ఎవరు మీకు?" అన్నాడు. బాపు బీడీ ఆర్పి, "ఎవరేంది, మా కోడలు" అన్నాడట. నేనొచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు. అమ్మ ఈ మాట నాకు నాలుగుసార్లు చెప్పింది, బాపుకి వినపడేట్టు.

ఎక్స్-2 ఐదేళ్ళ వరకూ ఇవ్వొచ్చు, మాకు మొదట ఏడాదికే వచ్చింది, తర్వాత పొడిగించుకున్నాం. ఆ వీసా మీద ఉద్యోగం చేసుకోవడానికి లేదు. నర్సు చేతులు ఖాళీగా ఉండవు కదా, దుబాయ్ నుంచి తెచ్చిన బీపీ మిషన్ పట్టుకుని రెండేళ్ళు మా వీధిలో ముసలివాళ్ళందరికీ ఊరికే చూసింది.

మధ్యలో వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేక ఇలోయిలో వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు కొత్త చిక్కు, ఈసారి వాళ్ళ దేశంవైపు నుంచి. ఫిలిప్పీన్స్ వాళ్ళు విదేశీయుణ్ణి పెళ్ళి చేసుకుని అతని దేశానికి వెళ్తుంటే, ముందుగా కౌన్సెలింగ్ తీసుకుని సర్టిఫికెట్ చూపించాలి. విదేశాల్లోని ఫిలిప్పీనోల కోసం అక్కడ ఒక కమిషన్ ఉంది, సీఎఫ్ఓ అంటారు, వాళ్ళిస్తారు. ఆడపిల్లల్ని పెళ్ళి పేరుతో తీసుకెళ్ళి మోసం చేసే కేసులు ఎక్కువై పెట్టిన పద్ధతి అది, నాకైతే మనకీ ఉంటే బాగుండుననిపించింది. ఆమె మొదటిసారి దుబాయ్ నుంచి నేరుగా రావడంతో ఈ సంగతే మాకు తెలీదు. టికెట్ మార్చుకోవాల్సి వచ్చింది. మీ ఆవిడది ఫిలిప్పీన్స్ అయితే పెళ్ళవగానే ఈ సర్టిఫికెట్ సంగతి, ఢిల్లీలోని వాళ్ళ ఎంబసీలో పెళ్ళి నమోదు సంగతి చూసుకోండి.

ఇక ఓసీఐ, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు. మన పౌరుల విదేశీ జీవిత భాగస్వామికి ఇది రావాలంటే పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు పూర్తి కావాలి, ఆ రెండేళ్ళూ బంధం కొనసాగుతూ ఉండాలి. గుళ్ళో తాళి కట్టిన రోజు లెక్కలోకి రాదు, రిజిస్టర్ అయిన రోజే. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్నవాళ్ళకు రాదు. ఇండియాలో ఫీజు 15,000 రూపాయలు. ఆన్‌లైన్‌లో నింపి, అసలు కాగితాలతో ఇద్దరం హైదరాబాద్ వెళ్ళాం. అక్కడ ఆమె సంచిలోంచి సరిచేసిన సర్టిఫికెట్ తీసి, ముందు తను చదివి, తర్వాత నా చేత చదివించి, అప్పుడు ఇచ్చింది. మళ్ళీ పోలీసు విచారణ, సెక్యూరిటీ క్లియరెన్స్, మొత్తం ఏడు నెలలు.

కార్డు ఉంటే వీసా గొడవ ఉండదు, ఉద్యోగం చేసుకోవచ్చు. ఓటు లేదు. విడాకులైతే కార్డు పోతుంది. పౌరసత్వం కావాలంటే ఏడేళ్ళు ఇక్కడ ఉండి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ వాళ్ళ దేశం పౌరసత్వం వదులుకోవాలి, దానికి ఆమె ఒప్పుకోవట్లేదు, నేనూ అడగట్లేదు. ఇంకో మాట, 2025 సెప్టెంబర్ 1 నుంచి విదేశీయుల చట్టాలన్నీ కలిపి కొత్త చట్టం వచ్చింది, కాబట్టి నేను చెప్పిన ఫారాల పేర్లు ఒకసారి సరిచూసుకోండి.

కార్డు వచ్చిన వారానికి బాపు, వాగు పక్కన పది గుంటలు కోడలి పేరు మీద రాస్తానన్నాడు. ఓసీఐ వాళ్ళు వ్యవసాయ భూమి కొనకూడదు, ఎవరైనా బహుమతిగా ఇచ్చినా తీసుకోకూడదు బాపూ అని చెప్పాను. కాసేపు ఆలోచించి "గట్లెట్ల? భూమి నాది, ఇచ్చేది నేను, మధ్యల వాళ్ళకేంది?" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. రెండు తులాల గొలుసు చేయించాడు.

ఆధార్ చివర్లో వచ్చింది. మేమిద్దరం కరీంనగర్‌లో ఉన్నాం, పోస్ట్‌మ్యాన్ కవరు తెచ్చి పేరు మొత్తం చదివాడట, మూడు భాగాలూ, సరైన వరుసలో. అమ్మ "ఆ పేరు గలోళ్ళు మా ఇంట్ల ఎవ్వరు లేరు, మా కోడలు పేరు జ్యోతి" అని వెనక్కి పంపేసింది. మర్నాడు పోస్టాఫీసుకెళ్ళి తెచ్చుకున్నాం.