సిద్ధాంతి చేత గుడి మెట్లు ఎక్కించాలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రలో ఉండి, పాచికలు వేస్తూ కథను నడిపే ఆట. మేము ఆడే ఈ ఆటలో నా పాత్ర విజార్డ్, అంటే మాంత్రికుడు; మొన్నమొన్నటిదాకా నాలుగో లెవెల్. అతడిది డివినేషన్ (భవిష్యత్తు చూసే విద్య) శాఖ కావడం వల్ల, ఆటలో రాత్రి విశ్రాంతి ముగియగానే నేను ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి ఆ అంకెలను పక్కన రాసుకుంటాను. ఆ రోజు అవసరమైన చోట, పాచిక పడకముందే చెప్పి, నా వంతుకో శత్రువు వంతుకో ఆ అంకెను పెట్టవచ్చు. పొద్దున్నే పంచాంగం తిరగేసినట్టు ఉంటుంది కనుక మావాళ్లు అతడికి సిద్ధాంతి అని పేరు పెట్టారు. పాత్ర వివరాల షీట్ మీద నేను రాసుకున్న అసలు పేరును ఇప్పుడు ఎవరూ వాడరు, నాతో సహా.

ఈ సిద్ధాంతి ఆ మధ్య ఒక ఆటలో దాదాపు చచ్చిపోయాడు. ఆ ఆటతోనే మా అందరి ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) 6,500 దాటి ఐదో లెవెల్ వచ్చింది. ఆ లెవెల్‌ను విజార్డ్‌లోనే వేయాలా, లేక దేవుడి సేవలో ఉండే క్లెరిక్ క్లాస్‌లో ఒక్క లెవెల్ తీసుకొని మల్టీక్లాస్ చేయాలా, అంటే ఒకే పాత్రలో రెండు వృత్తులు కలపాలా అన్న సందేహంతో రెండు వారాలు గడిపాను. మియాపూర్‌లో రైలెక్కి అమీర్‌పేట్‌లో మారి తార్నాక చేరేలోపు ఈ లెక్కను ఎన్నిసార్లు వేశానో చెప్పలేను.

ముందు ఆ దెబ్బల సంగతి చెప్పాలి. పాచికలు సోఫా కిందికి దొర్లిపోకుండా మేము వాటిని ఒక స్టీలు కంచంలో, కింది ఇంటివాళ్లకు చప్పుడు వినబడకుండా తువ్వాలు పరిచి, వేస్తాము. ఆ రోజు ఎదురుగా రెండు ఓగర్లు (భారీ రాక్షసులు) ఉన్నాయి. నా హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, 26. మేజ్ ఆర్మర్ అనే రక్షణ స్పెల్ (మంత్రం) వేసుకున్నాక ఆర్మర్ క్లాస్, అంటే నాకు దెబ్బ తగలాలంటే శత్రువు పాచికతో చేరాల్సిన అంకె, 15. దెబ్బను అడ్డుకునే షీల్డ్ స్పెల్ వేసుకుందామంటే, స్పెల్స్ వేయడానికి రోజుకు ఇన్నని ఉండే స్లాట్లలో ఫస్ట్ లెవెల్‌వి నాలుగూ అయిపోయాయి, పొద్దుటి రెండు అంకెలూ ఖర్చయిపోయాయి. మొదటి గద దెబ్బకు 12, రెండో దానికి 15 పోయాయి. కూడితే 27. ఒక్క పాయింటు తేడాతో సిద్ధాంతి నేల మీద పడ్డాడు. పడ్డవాడు బతుకుతాడా లేదా అని తేల్చే పాచిక, డెత్ సేవ్, రెండుసార్లు తప్పింది. మూడోసారి కంచంలో పాచిక తిరుగుతుండగా ఎవరూ మాట్లాడలేదు. పదకొండు పడింది. ఆ తర్వాత మా గుంపులోని యోధుడు పాలడిన్ వచ్చి చేయి వేసి లేపాడు. మా డ్రూయిడ్ ఆడే అబ్బాయి ఉద్యోగం కోసం పుణె వెళ్లిపోయినప్పటి నుంచి మా గుంపులో వైద్యం చేయగలిగింది ఆ పాలడిన్ ఒక్కడే.

క్లెరిక్ ఆలోచన అక్కడ పుట్టింది. మేము వాడేది 2014 నాటి ఐదో ఎడిషన్. అందులో మల్టీక్లాస్ చేయాలంటే పాత క్లాస్‌కూ కొత్త క్లాస్‌కూ ముఖ్యమైన సామర్థ్యాలు 13కు తగ్గకూడదు. విజార్డ్‌కు ముఖ్యమైన ఇంటెలిజెన్స్ నాకు 18, క్లెరిక్‌కు ముఖ్యమైన విజ్డమ్ సరిగ్గా 13, అంటే తలుపు సందు నాకోసమే కొలిచి తెరిచినట్టుంది. క్లెరిక్ ఒక్క లెవెల్‌తో మీడియం ఆర్మర్, డాలు వాడే అర్హత వస్తుంది. స్కేల్ మెయిల్ కవచం 50 బంగారు నాణేలు, డాలు 10. నా డెక్స్టెరిటీ (చురుకుదనం) తో కలిపి ఆర్మర్ క్లాస్ 18 అవుతుంది, మేజ్ ఆర్మర్‌కు రోజూ పోయే స్లాట్ మిగులుతుంది. పైగా హీలింగ్ వర్డ్ అనే వైద్య స్పెల్ వస్తుంది. అరవై అడుగుల దూరం నుంచే, బోనస్ యాక్షన్‌తో (వంతులో దొరికే చిన్న అదనపు పనితో), పడిపోయినవాడిని లేపవచ్చు. ఇంత సరుకు ఒక్క లెవెల్‌కు దొరుకుతుంటే వద్దనడానికి కారణం కనబడలేదు.

కారణం స్పెల్ స్లాట్ల పట్టికలో దాక్కుని ఉంది. కొత్తగా మల్టీక్లాస్ చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. విజార్డ్, క్లెరిక్ రెండూ పూర్తి మంత్రశక్తి గల క్లాసులు కనుక స్లాట్ల లెక్కకు రెండు లెవెళ్లనూ కూడుతారు. విజార్డ్ నాలుగు, క్లెరిక్ ఒకటి కలిస్తే ఐదు. ఐదుకు థర్డ్ లెవెల్ స్లాట్లు రెండు వస్తాయి. అంతవరకు నష్టమేమీ లేదు. అయితే ఏ స్పెల్స్ నేర్చుకోవచ్చు, ఏవి సిద్ధం చేసుకోవచ్చు అన్నది మాత్రం ప్రతి క్లాస్‌కూ విడివిడిగా, అందులో ఉన్న లెవెల్‌ను బట్టే తేలుతుంది. అంటే నా విజార్డ్ ఇంకా నాలుగో లెవెల్ వాడే, అతడి పుస్తకంలోకి సెకండ్ లెవెల్ దాటిన స్పెల్ ఏదీ ఎక్కదు. పెద్ద గంగాళం ఇంటికి తెచ్చుకుని అందులో చారు కాచుకున్నట్టు, ఆ పెద్ద స్లాట్లలో చిన్న స్పెల్సే వేసుకోవాలి. మ్యాజిక్ మిసైల్‌ను థర్డ్ లెవెల్ స్లాట్‌లో వేస్తే ఐదు బాణాలు వెళ్తాయి, సగటున పదిహేడున్నర నష్టం. అదే స్లాట్‌లో ఫైర్‌బాల్ వేస్తే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది, సగటు 28. అది ఒక్కరికి కాదు, ఇరవై అడుగుల వ్యాసార్ధంలో నిలబడి, తప్పించుకోలేకపోయిన ప్రతి ఒక్కరికీ. క్లెరిక్ వైపు నుంచి దాడికి పనికొచ్చేదీ ఏమీ లేదు, ఎందుకంటే ఆ స్పెల్స్ విజ్డమ్ మీద నడుస్తాయి. 13 విజ్డమ్‌తో నా సేవ్ డీసీ, అంటే నా స్పెల్‌ను తప్పించుకోవడానికి శత్రువు పాచికతో చేరాల్సిన అంకె, 12 దగ్గరే ఆగిపోతుంది.

ఒక్క లెవెల్ ఆలస్యమే కదా అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది, ఆ లెవెల్‌ను ఆదివారాల్లోకి మార్చి చూసేదాకా. మేము నెలకు రెండు ఆదివారాలు ఆడతాము. నాలుగు నుంచి ఐదుకు 3,800 ఎక్స్‌పీ చాలింది. ఐదు నుంచి ఆరుకు 7,500 కావాలి. ఇప్పటిదాకా ఒక్కో ఆటకు మనిషికి 900 దాకా వస్తోంది. ఇకమీదట శత్రువులూ బలపడతారు కనుక 1,200 అనుకున్నా ఆరేడు ఆదివారాలు పడుతుంది. ఇది జూన్. బోనాలకు ఒక ఆట, వినాయక చవితికి ఒక ఆట ఎలాగూ ఎగిరిపోతాయి. అంటే క్లెరిక్ తీసుకుంటే నా సిద్ధాంతి మొదటి ఫైర్‌బాల్ వేసేసరికి దసరా వస్తుంది. మల్టీక్లాస్ గురించి వాదించుకునేవాళ్లు ఇరవయ్యో లెవెల్‌లో ఏమి కోల్పోతామో చెబుతారు గానీ, ఇరవై దాకా సాగిన ఆటను నేను ఇంతవరకు కళ్లతో చూడలేదు. నేను కోల్పోయేది ఈ వానాకాలం.

రక్షణ లెక్క కూడా నేను ఊహించినంత గొప్పగా లేదు. ఓగర్ దాడి పాచికకు ఆరు కలుపుతుంది. నా ఆర్మర్ క్లాస్ 15 అయితే దానికి తొమ్మిది పడితే చాలు, అంటే నూటికి అరవై దెబ్బలు తగులుతాయి. 18 అయితే నూటికి నలభై ఐదు. పదిహేను దెబ్బలు తప్పడం చిన్న విషయం కాదు. అయితే ఆ రోజు నేను గుమ్మంలో, ఓగర్లకు పది అడుగుల దూరంలో ఎందుకు నిలబడ్డానన్న ప్రశ్నకు స్కేల్ మెయిల్ సమాధానం కాదు. వెనక వరండా ఖాళీగా ఉంది. బాగా కనబడుతుందని ముందుకు వెళ్లాను, అంతే. మనిషి చేసిన తప్పుకు పాత్ర చేత పరిహారం కట్టించాలనుకున్నాను.

ఈ ఎడిషన్‌లో మల్టీక్లాస్ ఐచ్ఛిక నియమం, డీఎం (ఆట నడిపేవాడు) ఒప్పుకోవాలి. పాత కాలం కంటే ఇదే నయం: తొలి అడ్వాన్స్‌డ్ ఎడిషన్‌లో మనుషులకు ఒక పద్ధతి, ఎల్ఫ్‌ల వంటి ఇతర జాతులవారికి మరో పద్ధతి ఉండేవి, 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో క్లాసుల మధ్య లెవెళ్ల తేడా ఎక్కువైతే ఎక్స్‌పీలో ఐదో వంతు కోత పడేది. మా డీఎం అన్నకు ఫోన్ చేసి అడిగితే, రూలు సంగతి ఎత్తకుండా సూటిగా అసలు చోటే పట్టుకున్నాడు.

“తమ్మీ, నేనైతే వద్దనను. కానీ నీ సిద్ధాంతి నిన్నమొన్నటిదాకా ప్రతి గుడి ముందర దేవుళ్లను వెక్కిరించుకుంట తిరిగిండు గదా. రెండు దెబ్బలు పడంగనే పూజారి అయితడా? ఏ దేవుడు పిలిచిండో, ఈయన ఎందుకు పోయిండో నాకు చెప్పాలె.”

నేను తయారుగానే ఉన్నాననుకున్నాను. విద్యలకు అధిపతి అయిన ఓగ్మా దేవుడు, క్లెరిక్‌లో నాలెడ్జ్ డొమైన్ (జ్ఞాన శాఖ), ఆర్కానాలో (మంత్రశాస్త్రంలో) రెట్టింపు నైపుణ్యం అంటూ మొదలుపెట్టాను. అన్న మొత్తం విని, “ఇది నీకు కావాల్సిన కారణం. నీ సిద్ధాంతికి కావాల్సింది చెప్పు,” అన్నాడు. నా దగ్గర లేదు. నేల మీద పడి మృత్యువుకు మూడో పాచిక దాకా వెళ్లి వచ్చినవాడికి భయమో భక్తియో కలగవచ్చు, నిజమే. కానీ అది ఆటలో జరగాలి. రెండు ఆటల మధ్య, మెట్రోలో కూర్చున్న నా బుర్రలో కాదు.

అలా ఐదో లెవెల్ విజార్డ్‌కే వెళ్లింది. లెవెల్‌తో ఉచితంగా వచ్చే రెండు స్పెల్స్‌గా ఫైర్‌బాల్, ఎదుటివాడి స్పెల్‌ను అడ్డుకునే కౌంటర్‌స్పెల్ తీసుకున్నాను. ఆరో లెవెల్ వచ్చేలోపు కథలో కారణం దొరికితే అప్పుడు క్లెరిక్ తీసుకుంటాను. అలా చేస్తే ఫోర్త్ లెవెల్ స్పెల్స్ పాత్ర ఏడో లెవెల్‌కు బదులు ఎనిమిదిలో వస్తాయి, అది చిన్న ఆలస్యమేమీ కాదు, కానీ అప్పటికి థర్డ్ లెవెల్ స్పెల్స్ చేతిలో ఉంటాయి కనుక ఓర్చుకోగలను. ఈలోపు వైద్యానికి రోగ్ (దొంగ) పాత్ర ఆడే తమ్ముడు హీలింగ్ పోషన్లు కొనడానికి ఒప్పుకున్నాడు, ఒక్కోటి 50 నాణేలని గొణుగుతూనే.

మొన్న ఆదివారం తార్నాకలో, మేము ఆడే ఇంటి అమ్మ పెట్టిన సర్వపిండి తింటూ, ఆట మొదట్లోనే రెండు పాచికలు వేశాను. నాలుగు, పదిహేడు. మూడు నెలలుగా సంచిలో ఫ్లై (ఎగిరే) స్పెల్ రాసిన ఒక స్క్రోల్ మోస్తున్నాను. దాన్ని పుస్తకంలోకి ఎక్కించుకోవడానికి విజార్డ్ ఐదో లెవెల్ కావలసి వచ్చింది; ఇప్పుడు ఆరు గంటల సమయం, 150 నాణేల సిరా చాలు. కాకపోతే ఆర్కానా చెక్‌లో 13 రావాలి, వచ్చినా రాకపోయినా స్క్రోల్ నాశనమవుతుంది. నాకు ఏడు కలుస్తుంది, ఆరు పడితే చాలు. అయినా పదిహేడు పెట్టేశాను. పాలడిన్ నెత్తి కొట్టుకున్నాడు.

“అన్నా, పదిహేడుని తీస్కపోయి రాతకోతల మీద పెడ్తవా!”

నాలుగు మిగిలింది. దాన్ని మళ్లీ ఏ ఓగర్ అయినా గద ఎత్తినప్పటికి అట్టేపెట్టి, ఈసారి అరవై అడుగుల వెనక నిలబడ్డాను.