బీచ్ స్టేషన్ ఎదుటి ఎర్ర భవనం

చెన్నై బీచ్ స్టేషనులో రైలు దిగినవారికి ఇసుక కనిపించదు, అలలూ వినిపించవు. తూర్పున హార్బరు గోడలు, గోదాములు, క్రేన్లు. పడమట రాజాజీ సాలై. ఈ వీధినే ఒకప్పుడు ఫస్ట్ లైన్ బీచ్ అనేవారు, ఎందుకంటే అప్పట్లో సముద్రం దాదాపు దీని అంచు దాకా ఉండేది. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకును, మనుషులను అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. 1875లో హార్బరుకు శంకుస్థాపన జరిగింది, 1881 తుపానులో ఆ కట్టడం చాలావరకు కొట్టుకుపోయింది, మళ్లీ కట్టారు. ఆ తరువాత సముద్రం వీధికి దూరమైంది కాని వర్తకం ఇక్కడే నిలిచిపోయింది.

గత నెలలో మా బాబాయి పింఛను పని మీద ఆయన వెంట ఈ వీధిలోని స్టేట్ బ్యాంకు పాత భవనానికి వెళ్లాను. ఆయన పని పూర్తయ్యే లోపు నేను బయట నిలబడి చూసినది ఎక్కువ. ఎర్ర ఇటుక గోడలు, చెక్కిన రాతి స్తంభాలు, పైన గుమ్మటాలు, కమానుల వరుసలు, అంతా ఇండో సారసెనిక్ పద్ధతి, అంటే భారతీయ, ఇస్లామిక్, యూరోపియన్ శైలుల కలయిక. మద్రాసు బ్యాంకు తన కార్యాలయం కోసం దీనిని 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో కట్టించుకుంది. నమూనాలో ప్రధాన పాత్ర హెన్రీ ఇర్విన్‌ది. కొద్ది దూరంలోనే ఉన్న హైకోర్టు భవనం మీదా ఆయన చేయి ఉంది.

అయితే తెలుగువారు తప్పక గుర్తు పెట్టుకోవలసిన పేరు మరొకటి ఉంది. ఈ భవనాన్ని నిర్మించిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ళు శెట్టి, చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగు కోమటి కుటుంబానికి చెందినవాడు. హైకోర్టు, విక్టోరియా పబ్లిక్ హాలు, కన్నెమరా గ్రంథాలయం కూడా ఆయన కట్టినవే. గణిత మేధావి రామానుజన్ తన చివరి రోజులు గడిపినది చెట్‌పట్‌లో ఆయనకున్న ఇంట్లోనే. మద్రాసు ఎర్ర భవనాల గురించి మాట్లాడినప్పుడు వాటి నమూనాలు గీసిన చిజమ్, ఇర్విన్ అనే వాస్తుశిల్పుల పేర్లే ముందు వస్తాయి. గీసినవాడికి దక్కిన కీర్తిలో కట్టినవాడికి సగమైనా దక్కలేదనేది నా ఫిర్యాదు. కాగితం మీది కమానును ఇటుకగా, సున్నంగా, చెక్కడంగా మార్చడానికి ఎంతమంది తాపీ మేస్త్రీల చేతులను ఒక దారిన నడిపి ఉండాలో ఆలోచిస్తే ఆ ఫిర్యాదు అన్యాయం కాదనిపిస్తుంది.

ఈ భవనానికి వారసత్వ విలువ ఉందనడానికి దాని అందం ఒక్కటే కారణం కాదు. 1843లో పుట్టిన మద్రాసు బ్యాంకు 1921లో బెంగాల్, బొంబాయి బ్యాంకులతో కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయింది, 1955లో అదే స్టేట్ బ్యాంకుగా మారింది. యజమాని పేరు రెండుసార్లు మారినా గోడల లోపలి వృత్తి మారలేదు. 1906లో ఇదే వర్తక లోకంలో పేరు మోసిన ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి వేలమంది డిపాజిటుదారులను వీధిన పడేసినప్పుడు, ఆ దెబ్బలోంచే మరుసటి ఏడాది ఇండియన్ బ్యాంకు పుట్టింది. నమ్మకం కుప్పకూలిన ఆ రోజుల్లో అప్పు, హుండీ (వర్తకులు డబ్బు చెల్లింపుకు రాసుకునే పత్రం), డిపాజిటు అనే మాటలకు ఒక కొలత ఇచ్చినవి ఇలాంటి మందపాటి గోడలే అయి ఉంటాయి. డబ్బు దాచుకునే చోటు దుర్గంలా కనిపించాలనే కోరిక ఈ ముఖభాగంలో స్పష్టంగా ఉంది.

వాడుకలో ఉన్నందువల్లనే ఇది నిలిచిందని కూడా నా అభిప్రాయం. ఇదే వీధిలో వర్తకుల కార్యాలయాల కోసం 1793లో కట్టిన బెంటింక్ భవనం తరువాత కోర్టుగా, కలెక్టరు కచేరీగా మారుతూ వచ్చి, చివరికి కూల్చివేతకు గురైంది; దాని స్థానంలో ఇప్పుడు సింగారవేలర్ మాళిగై ఉంది. దాన్ని కూల్చినందుకు నగరం ఇప్పటికీ బాధపడుతోందో లేదో గాని, నేను మాత్రం బాధపడుతున్నాను.

అలాగని వాడుకే రక్ష అని పూర్తిగా నమ్మడానికీ లేదు. 2014 జూలైలో ఈ బ్యాంకు భవనంలోనే మంటలు చెలరేగి పై భాగం బాగా దెబ్బతింది. నూరేళ్ల నాటి టేకు దూలాల మధ్య నుంచి ఎయిర్ కండిషనర్ల తీగలు లాగే ప్రతిచోటా ఆ ప్రమాదం పొంచే ఉంటుంది. మరమ్మతు చేసేటప్పుడు కొత్త సిమెంటు పూసి పాత సున్నపు గచ్చును ఊపిరాడకుండా చేయడం మరో పొరపాటు, ఎందుకంటే సున్నం పీల్చుకున్న తేమను తిరిగి వదలగలదు, సిమెంటు వదలదు. ఉప్పుగాలి నిత్యం తాకే వీధిలో ఆ తేడా గోడ ఆయుర్దాయాన్నే మారుస్తుంది. తమిళనాడులో 2012లో వారసత్వ కమిషను చట్టం వచ్చింది, కాని చట్టం కన్నా ముందు కావలసినది ప్రతి గది కొలత, ప్రతి కిటికీ చిత్రం, ప్రతి మరమ్మతు వివరం ఒకచోట దాచి ఉంచడం.

పని ముగించుకుని బయటికి వచ్చిన బాబాయి స్తంభం మీద అరచేయి ఆనించి, "ఎండలో కూడా చల్లగా ఉంది చూడరా" అన్నాడు. మద్రాసు బ్యాంకుకు కాకినాడలో, మచిలీపట్నంలో కూడా శాఖలు ఉండేవి. ఆ రేవుల నుంచి వచ్చిన పాత చెక్కులు, హుండీలు, పాసు పుస్తకాలు మీ ఇళ్లలో ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే పారేయకండి, వీలైతే ఫొటో తీసి నాకు పంపండి.