మెనూలో లేని కూర

కోవెంట్రీలో ఉన్న రెండేళ్లూ మా వీధి చివరే ఒక ఇండియన్ రెస్టారెంట్ ఉండేది. ఇంగ్లాండులో ఇలాంటి వాటి పేర్లన్నీ ఒకటే వరస, తాజ్‌మహల్, కోహినూర్, రాజ్, బెంగాల్ ఏదో ఒకటి. లోపలికెళ్తే ముదురు ఎరుపు వాల్‌పేపరు, దాని మీద చేత్తో తడిమితే వెల్వెట్‌లా తగిలే పువ్వుల డిజైను, మసక లైట్లు, ఎక్కడో సన్నగా సితారు. కూర్చోగానే అప్పడాలు, దాంతో పాటు నాలుగు గిన్నెల స్టీలు ట్రే వస్తుంది, మామిడి చట్నీ, తరిగిన ఉల్లిపాయ, నిమ్మకాయ పచ్చడి, పుదీనా కలిపిన పెరుగు. తిన్నాక వేడి టవలు, బిల్లుతో పాటు ఒక చాక్లెట్టు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. మద్రాస్ అని ఒక కూర ఉంది, నేను మద్రాసులో నాలుగేళ్లు చదువుకున్నా, అలాంటి కూర అక్కడ ఎవరూ వండగా చూడలేదు. విందాలూలో బంగాళాదుంపలు వేశారు, అది గోవా వంట, ఆ పేరు పోర్చుగీసు వాళ్ళ వైన్, వెల్లుల్లి అనే మాటల్లోంచి వచ్చింది, చివర వినిపించే ఆలుకీ మన ఆలుగడ్డకీ ఏ సంబంధం లేదు. అక్కడ ఈ పేర్లన్నీ కారం కొలతలు అంతే. కొర్మా అంటే కారం లేనిది, మద్రాస్ అంటే కారం, విందాలూ ఇంకా కారం, ఫాల్ అంటే ఇక చెమటలే. ఇది మన తిండే కాదు అని రూమ్మేట్స్‌తో గట్టిగా వాదించేవాణ్ణి. ఇప్పుడు అలా అనను. ఎందుకు మారానో చెప్పడానికే ఈ పోస్టు.

వంటవాళ్ళు, ఓనరు అందరూ సిల్హెట్ వాళ్ళు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఈశాన్యం మూల. అసలు ఇంగ్లాండులో ఇండియన్ రెస్టారెంట్ అని బోర్డు ఉన్నవి చాలావరకు వాళ్ళవే. ఎందుకంటే బ్రిటిష్ కాలంలో స్టీమరు ఓడల్లో బాయిలర్ల దగ్గర బొగ్గు వేసే పనికి సిల్హెట్ నుంచి బోలెడుమంది వెళ్ళేవాళ్ళు, ఆ వేడి తట్టుకోలేక లండన్ రేవులో ఓడ దిగి అక్కడే ఉండిపోయిన వాళ్ళూ ఉన్నారు. కొందరు హోటళ్ళలో గిన్నెలు కడిగారు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాంబులు పడి పాడైన చిన్న చిన్న కేఫులు చవగ్గా కొనుక్కుని, ముందు ఇంగ్లీషు వాళ్ళు అడిగే ఫిష్ అండ్ చిప్సే అమ్ముతూ పక్కన కూర పెట్టారు. పబ్బులు మూసేశాక ఆకలేసినవాడికి తెరిచి ఉన్న చోటు అదొక్కటే. అలా అలవాటైంది. 1947కి ముందు వచ్చినవాడు ఇండియన్ అనే వచ్చాడు, తర్వాత అతని ఊరు పాకిస్తాన్ అయింది, 1971లో బంగ్లాదేశ్ అయింది, షాపు మీద బోర్డు మాత్రం అలాగే ఉంది.

అంతకుముందూ ఉన్నారు. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన 1810లో లండన్‌లో హిందూస్తానీ కాఫీ హౌస్ పెట్టాడు, హుక్కాలు, వెదురు కుర్చీలు, మన వంటలు, పాపం రెండేళ్లకే దివాలా తీశాడు. రీజెంట్ స్ట్రీట్‌లో 1926లో మొదలైన వీరాస్వామి రెస్టారెంట్ చాలా ఏళ్ళు నడిచింది గానీ అది డబ్బున్నోళ్ళు తినే చోటు. వీధి చివర తినే చోటుని కట్టింది మాత్రం ఆ ఓడ కూలీలే.

ఓనరు ఒకసారి నన్ను కిచెన్‌లోకి రమ్మన్నాడు. నలుగురు పట్టేంత పెద్ద గిన్నెలో ఉల్లిపాయలు గంటలు గంటలు ఉడుకుతున్నాయి, అందులో కాస్త క్యారెట్, క్యాప్సికం, అల్లం వెల్లుల్లి. అదంతా మెత్తగా రుబ్బితే ఒక లేత గోధుమరంగు గ్రేవీ, మెనూలో యాభై కూరలున్నా అన్నిటికీ తల్లి అదే. ఆర్డరు రాగానే పెనం మీద నూనె, అల్లం వెల్లుల్లి ముద్ద, మసాలా పొడి, టమాటా ముద్ద, తర్వాత ఒక గరిటె ఆ గ్రేవీ, మంట పెద్దది, చెయ్యి ఆగకుండా తిప్పుతూ ఉంటాడు, గ్రేవీ అంచుల్లో మాడీ మాడనట్టు అంటుకుంటే దాన్ని గీకి మళ్ళీ కలుపుతాడు, ఐదారు నిమిషాల్లో ప్లేటు బయటికి. శనివారం రాత్రి పదకొండుకి తాగి వచ్చిన ఇరవై మందికి ఒకేసారి వడ్డించాలంటే ఇంకెలా కుదురుతుంది. దీన్ని నకిలీ అనడానికి నాకు నోరు రావట్లేదు. ఇదో వంట, దీనికో పద్ధతి, దీనికో చరిత్ర ఉంది. 2001లో బ్రిటిష్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలా నిజమైన బ్రిటిష్ జాతీయ వంటకం అన్నాడు, ఆ మాటలో వాళ్ళ చెమటకి కూడా లెక్క ఉందనుకుంటా.

ఆ తర్వాత ఏ దేశం వెళ్ళినా ఇండియన్ రెస్టారెంట్‌లో కూర్చుంటే తిండి కంటే ముందు నాకు ఒకటే ప్రశ్న, ఇక్కడికి ముందు వచ్చిందెవరు, ఎందుకొచ్చారు అని. బర్మింగ్‌హామ్‌లో బాల్టీ ఉంది, పల్చటి రేకు మూకుట్లో వండి అదే మూకుడు టేబుల్ మీద పెడతారు, పక్కన నాన్, ఇది 1970ల్లో అక్కడి పాకిస్తానీ వాళ్ళు మొదలుపెట్టింది. టోక్యోలో ఆఫీసు పని మీద వారం ఉన్నా, ఇండియన్ అని వెళ్తే చాలాచోట్ల నేపాల్ వాళ్ళు, ప్లేటు దాటి వేలాడే నాన్. షింజుకులో నకమురాయా అని ఒక పాత బేకరీ ఉంది, 1915లో బ్రిటిష్ వాళ్ళ నుంచి తప్పించుకుని జపాన్ చేరిన రాస్ బిహారీ బోస్‌ని ఆ ఇంటివాళ్ళే దాచారు, ఆయన ఆ ఇంటి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, 1927లో ఆ షాపులో ఇండియన్ కర్రీ పెట్టించాడు. స్వాతంత్ర్యం కోసం పారిపోయిన మనిషి వల్ల ఒక ఊరికి మన కూర పరిచయమైంది, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మన తెలుగువాళ్ళు బయల్దేరింది మాత్రం వీసాలతో. అమెరికాలో 1965 వలస చట్టం తర్వాత డాక్టర్లు, ఇంజినీర్లు, 1990 చట్టంతో హెచ్‌వన్‌బీ ఉద్యోగ వీసా, తర్వాత వైటూకే, అంటే 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయన్న హడావుడి. ముందు అక్కడ ఇండియన్ అంటే పంజాబీ లంచ్ బఫేనే, సాగ్ పనీర్, బటర్ చికెన్, గులాబ్ జామూన్. నేను డల్లాస్ వచ్చేసరికి సీన్ వేరు. ఇర్వింగ్‌లో ఆదివారం మధ్యాహ్నం వెళ్తే తలుపు దగ్గర కాగితం మీద పేరు రాసి నిలబడాలి, టీవీలో తెలుగు పాటలు, గోడ మీద కొత్త సినిమా పోస్టరు, మెనూలో గోంగూర చికెన్ బిర్యానీ, ఉలవచారు బిర్యానీ, రాజుగారి కోడి పులావు. వెయిటర్ కుర్రాడు స్పైస్ లెవెల్ ఎంత అన్నా అంటాడు, మనం మన లెవెలే తమ్ముడూ అంటాం, ఇంకేం చెప్పక్కర్లేదు. అక్కడ తివాచీ, సితారు ఏమీ ఉండవు, ట్యూబులైట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, పిల్లల ఏడుపులు. పరాయివాళ్ళకి మనల్ని చూపించుకోడానికి పెట్టింది కాదు కాబట్టి అలంకారం అవసరం లేకపోయింది. అది నాకు చాలా ఇష్టం. ఐనా కోవెంట్రీ ఎర్ర గోడల మీద కూడా ఒక రకమైన ప్రేమ మిగిలిపోయింది, దానికి కారణం మా అమ్మ.

అమ్మ కోవెంట్రీ వచ్చి నెల ఉంది. ఒక సాయంత్రం ఆ రెస్టారెంట్‌కి తీసుకెళ్తే చికెన్ కొర్మా ఒక ముద్ద తిని ఇది పాయసంలా ఉందిరా అని పక్కన పెట్టేసింది, చేత్తో ఉత్త అన్నం, నిమ్మకాయ పచ్చడి కలుపుకుని తింటోంది. ఓనరు కౌంటరు దగ్గర్నుంచి అది చూశాడు. దగ్గరికొచ్చి, ఖాలమ్మా, అంటే వాళ్ళ భాషలో పిన్నీ, అని పిలిచి బెంగాలీలో ఏదో అడిగాడు. అమ్మకి అందులో చివరి అమ్మా ఒకటే అర్థమైంది, ఏంటి బాబూ అంది తెలుగులో. అతను నవ్వి లోపలికెళ్ళి ఒక స్టీలు గిన్నె తెచ్చాడు. స్టాఫ్ కర్రీ అన్నాడు నాతో. రాత్రి షాపు కట్టేశాక వాళ్ళు తినేది అది, మెనూలో ఉండదు, అమ్మరు. పల్చటి పులుసులో చేప ముక్కలు, తలకాయ కూడా ఉంది, పైన కొత్తిమీర, అందులో ఏదో పుల్లటి కాయ తొక్క ముక్కలు.

అమ్మది గోదావరి పక్క ఊరు. తలకాయ తీసుకుని ముళ్ళు ఒక్కొక్కటే వేళ్ళతో తీసి కంచం అంచున పెట్టుకుంటూ అరగంట తింది, మధ్యలో మాటే లేదు. ఇద్దరు వంటవాళ్ళు కిచెన్ తలుపు సందులోంచి చూస్తున్నారు. చివర్లో ఆ తొక్క ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఒరేయ్ ఇది మన దబ్బకాయ లాంటిదేరా, అంది. షాత్‌కొరా అన్నాడు అతను. దబ్బకాయ అంది అమ్మ. షాత్‌కొరా. దబ్బకాయ. ఇద్దరూ రెండు మూడు సార్లు అలా అనుకున్నాక అతను లోపలికెళ్ళి పచ్చి కాయ ఒకటి పేపరు నాప్కిన్‌లో చుట్టి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. డబ్బులివ్వబోతే నా చెయ్యి పక్కకి నెట్టాడు.

మర్నాడు అమ్మ దాని రసంతో పులిహోర కలిపింది. సగం డబ్బాలో సర్ది, సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆ అబ్బాయికి ఇచ్చిరా, చల్లారినా బాగానే ఉంటుందని చెప్పు, అంది.